కుడి చెప్పు ఎడమ కాలికి

ఎండ ముదురకముందే బయల్దేరినం.
ఒక చేతిల గిర్నీకి రెండు కిలోల తెల్లజొన్నలు,
సంచిల బ్యాంకు పుస్తకం,
మ్యాచింగు దారం కోసం ఎర్ర జాకిటు ముక్క,
చంకల యాది.

యాదమ్మ మా అత్త పేరు.
సర్టిఫికెట్ల యశస్విని అని రాపిచ్చినం గని
ఇంట్ల ఎవ్వలకూ నోరు తిరుగలే.
రెండేండ్ల నాలుగు నెలల పిల్ల.
నడుస్త అంటది. దించితే ఎత్తుకో అంటది.
ఎత్తుకుంటే చెరువు చేప లెక్క జారుతది.

క్లాక్ టవర్ కాడ
కుడి చెప్పు ఇప్పి ఎడమ కాలికి తొడుక్కున్నది.
మార్చబోతే
రోడ్డు మధ్యల కూలబడ్డది.
అటు ఆటోలు, ఇటు బత్తాయిల బండి.
"జెర జరుపమ్మా పిల్లను."
సరే, ఎడమ కాలికే ఉండనీ.
నొచ్చేది దాని కాలేనాయె.

కోపమొస్తే పది దాక లెక్కపెట్టుమంటరు.
నాకు అంకెలతోని ఆగది.
మనసుల జాకిటుకు హుక్కులు కుట్టుకుంట.
ఒక హుక్కు.
దారం మూడు సుట్లు, ముడి.
రెండో హుక్కు.
ఐదో హుక్కుకు ఊపిరి కిందికి దిగుతది.
నిండు మనిషి జాకిటుకైతే ఏడు పడతయి.
బ్యాంకు మెట్లెక్కేసరికే
ఇయ్యాల రెండు జాకిట్లు అయిపోయినయి.

మిషన్ మీద నా బొటనవేలు పడలే.
సూది గుచ్చుకొని గుచ్చుకొని గీతలు అరిగినయంట.
"తుడువమ్మా. మల్ల పెట్టు. గట్టిగ."
తుడిచిన. కొంగుకు రాసిన. నాలుగుసార్లు.
అయిదోసారి
యాది తన వేలు పెట్టింది, బెల్లం అంటిన వేలు.
ఎర్ర లైటు.
ఎనక లైన్ల ఎవలో అన్నరు:
"పిల్లల్ని ఇంట్ల ఇడిసి రారాదు?"
ఎవల కాడ ఇడువాలె?
ఆయన మిర్యాలగూడ రైసుమిల్లుల,
అత్త గోడ మీది ఫొటోల.
అనలే.
మూడో జాకిటు మొదలువెట్టిన.

గిర్నీ కాడ తెగింది.
పిండి ఇంకా వేడిగున్నది.
సంచి మూతి కట్టుడే ఆలస్యం,
యాది రెండు చేతులు ముంచి గుంజింది.
గచ్చు మీద జొన్నపిండి,
నా చీర మీద జొన్నపిండి,
ఒక్క హుక్కూ మతికి రాలే.
నా చెయ్యి లేచింది.
అబద్ధమెందుకు, పైదాక లేచింది.

గిట్లనే లేచిన చెయ్యి ఇంకోటున్నది,
దేవరకొండ బస్టాండుల.
మా అమ్మది.
నేను పోగొట్టింది అయిదు రూపాయల బిళ్ల.
నాలుగు వేళ్లు
బస్సు మల్లేపల్లి దాటేదాక నా చెంప మీదున్నయి.
తర్వాత అమ్మనే ఏడ్చి సమోసా కొనిచ్చింది.
సమోసా రుచి మరిచిన.
వేళ్లు యాదికున్నయి.

కింద చూసిన.
పిల్ల కండ్లు గట్టిగ మూసుకున్నది.
రెప్పల మీద పిండి.
చెయ్యి లేస్తే కండ్లు మూయాలని
దానికి ఎవలు నేర్పిండ్రు?
నేనే.
మొన్న, పాలగిన్నె కాడ.

"యాదీ" అన్న.
పిల్లను పిలిచిన్నో, ఏం పిలిచిన్నో.
గిర్నీ మోతల నాకే ఇనవడలే.

లేచిన చెయ్యి ఉత్తగ దిగదు,
దానికో పని చూపాలె.
జుట్టు ఎనకకు తోసుకున్న. కొంగు సదురుకున్న.
గిర్నీ ఆయన చూసి చూడనట్టు
బెల్టు దిక్కు తిరిగిండు.
కూసున్న.
పైపైన మంచి పిండి ఎత్తిన, దోసిలితోని.
అది గూడ ఎత్తింది.
దాని గుప్పిట్ల పిండి కంటే మట్టే ఎక్కువ.
"దా" అని నా సంచిల పోసింది.
పోయనిచ్చిన.

తొవ్వల నా ఏలు పట్టుకొని నడిచింది.
ఎనక తెల్లటి అడుగులు,
కుడి ఎడమలు తారుమారు.
హుక్కులు లెక్కపెట్టే పని పడలే,
ప్రకాశం బజారు దాటేదాకనన్న.

ఇంటికొచ్చి సంచి దులిపితే
జాకిటు ముక్క కిందవడ్డది.
దారం కొనుడే మరిచిన.

రేపు మల్ల పోవాలె.
చెప్పులు అది ఇప్పటిసందే తొడుక్కుంటున్నది.