ఒక చేతి గుర్తు

నగర్తపేటలో జరీ కొట్టు.
అటక మీద ఎర్రగుడ్డ అట్టల చిట్టాలు పదకొండు,
చెంగల్రాయశెట్టి గారివి.
ఎలుకలు అంచులు తిన్నాయి, అంకెల్ని ముట్టుకోలేదు.
"లెక్కంటే వాటికీ భయమే" అంది
ఆయన మునిమనవరాలు ఇందుమతి,
దుమ్ము దులిపి నా ఒళ్ళో పెడుతూ.

నా పని చెబితే చాలామంది నమ్మరు.
పగలు బ్యాంకు సాఫ్ట్‌వేరు.
రాత్రిళ్ళు అక్షరాలకి ఇంటి నంబర్లు ఇప్పించడం.
తెలుగు వీధిలో స్థలాలు నూట ఇరవై ఎనిమిది.
సున్నా సి సున్నా సున్నా దగ్గర మొదలై
సున్నా సి ఏడు ఎఫ్ దగ్గర గోడ.
గోడకవతల కన్నడం.
ఆ వీధి పనులు చూసే శివలీల, ధార్వాడ పిల్ల,
ఆఫీసులో నా పక్క కుర్చీయే.
"మీ తలకట్టు టిక్కు పెట్టినట్టుంటుంది,
ఎవరి లెక్క సరిచూశారని?" అంటుంది.

మా వీధిలో బండి ఱ ఇంకా ఇల్లు ఖాళీ చెయ్యలేదు,
తలుపు తట్టేవాళ్ళు తగ్గినా.
పాత భిన్నాల గీతలకి కూడా ఓ మూల చోటుంది.
ఒకసారి నంబరిస్తే ఇక తియ్యరు.
పేరు తప్పు పడితే తప్పుతోనే బతకాలి,
రేషను కార్డులో మా నాన్న పేరులా.

చిట్టాలో నాకు దొరికింది వేరే.
కొన్ని బాకీల పక్కన
సున్నాకి తోక, తోక మీద చుక్క.
హళ్ళి కాదు. అరసున్నా కాదు. పొల్లు అసలే కాదు.
"అదా? ఇక అడగొద్దని.
ఇచ్చుకోలేరని తెలిశాక పెట్టేవాడట.
పేరు కొట్టేస్తే మనిషిని కొట్టేసినట్టుంటుందని
మా నాన్న చెప్పేవాడు."

మగ్గం అమ్ముకున్న సుబ్బరాయప్ప, పదకొండు రూపాయల నాలుగణాలు: గుర్తు.
రవికల ముసలమ్మ, రూపాయిన్నర: గుర్తు.
ప్లేగు ఏడాది పేజీలో
పైనుంచి కిందిదాకా, అన్ని పేర్లకీ.
అక్కడ చెయ్యి వణికింది, తోకలు సాగాయి.
నమూనా బాగా కనిపిస్తుందని
నేను ఆ పేజీనే స్కాన్ చేశాను.
చేశాక సిగ్గేసింది.

రాత్రి తొమ్మిదిన్నరకి మీటింగు.
తెర మీద ఒకరి వెనక పొద్దెక్కుతోంది,
ఇంకొకరి కిటికీలో మంచు.
మర్యాదగానే అడిగారు:
ఇంకెవరు వాడారు? అచ్చులో ఎక్కడైనా ఉందా?
ఉన్నవి రెండు కలిపితే రాదా?
వాళ్ళ కుర్చీలో ఉంటే నేనూ అవే అడిగేదాన్ని.
ఒకడు తనకోసం గీసుకున్నది అక్షరం కాదు,
నలుగురి నోటా పడాలి.
ఆధారం చాలదు, అని రాసుకున్నారు.

ఆర్నెల్లు తిరిగాను,
బళేపేట, కాటన్‌పేట, అవెన్యూ రోడ్డు.
ఎన్ని అటకలు, ఎన్ని తుమ్ములు.
చిట్టాల నిండా దావా, జప్తు, వడ్డీకి వడ్డీ.
ఆ గుర్తు ఎక్కడా లేదు.
అది అవసరమైన కొట్టు ఇంకోటి దొరకలేదు.

ఊరవతల పోరంబోకు ఒకటుంది, సొంత వాడుకకి.
ఎవరైనా గుడిసె వేసుకోవచ్చు, పట్టా ఉండదు.
అక్కడ దించాను దాన్ని,
ఫాంటులో నేనే గీసి, తోక మూడుసార్లు దిద్ది.
ఇందుమతికి పంపితే ఫోన్ చేసింది:
"ఖాళీ డబ్బా వచ్చిందమ్మా, అంతే."

నిన్న చిట్టాలు తిరిగివ్వడానికి వెళ్ళాను.
వాన. కరెంటు లేదు.
చార్జింగ్ లైటు కింద తన అరువు పుస్తకం తెరిచుంది.
కుట్టుమిషను రహమతుల్లా, రెండు వేల నాలుగొందలు.
పక్కన నీలం బాల్‌పెన్నుతో సున్నా, పొట్టి తోక.

రెండో చెయ్యి, అనుకున్నాను.
ఫోను బయటికి తీశాను కూడా.
మళ్ళీ సంచిలో పడేసి,
"చుక్కేదీ?" అన్నాను.

"అయ్యో" అని పెట్టింది.