ఐదు గంటల మైకు

సాయంత్రం ఐదింటికి
రేవు స్తంభం మీది మైకు
పిల్లల్ని ఇళ్లకు పొమ్మని ఒక పాట వేస్తుంది.
పాట అయిపోతుంది, మా అందరికీ.
తొమోహరుకి అవదు.

మొదట్లో వాదించేదాన్ని.
"ఎవరూ లేరురా. హొక్కైదో గాలి, అంతే."
వాడు నన్ను జాలిగా చూసేవాడు,
ఎదురుగా ఉన్న కొండ కనపడనిదాన్ని చూసినట్టు.
ఒక చలికాలం స్తంభం ఎక్కి తీగలు కోసేశాడు.
ఊరు మూడు రోజులు మూగబోయింది.
వాడి చెవిలో ఒక్క గొంతూ తగ్గలేదు.
అదే తనని అన్నిటికంటే భయపెట్టిందని
చాలా ఏళ్లకి, చేపలు శుభ్రం చేస్తూ చెప్పాడు.

ఆస్పత్రిలో తొమ్మిదేళ్లు.
నాన్న అడిగినవాళ్లకల్లా "ఒసాకాలో పని" అన్నాడు.
అప్పట్లో ఆ జబ్బు పేరు మనసు చీలడం.
గొడ్డలి దెబ్బ తిన్న కట్టె అనుకున్నాను,
ఒక మనిషిలో ఇద్దరు అనుకున్నాను.
తర్వాత పేరు మార్చారు.
కూర్పు తప్పడం అని రాసిన కాగితాన్ని
డాక్టర్ నురియ బల్ల మీదుగా నావైపు జరిపింది.
"ఇద్దరు లేరు. ఒక్కడే ఉన్నాడు.
తన ఆలోచనే తనకి పరాయి గొంతుతో వినిపిస్తోంది."

ఒప్పుకుంటాను, పేరు మారితే జబ్బు మారదు.
మాత్రలకి చేతులు వణుకుతాయి, నోరెండుతుంది,
నడుం చుట్టూ ఒళ్లొచ్చింది,
మధ్యాహ్నాలు బస్తాలా నిద్రపోతాడు.
కానీ కొంబు నాచు ఆరబెట్టే రోజు
తెల్లవారుజామున మూడింటికి నాకంటే ముందు లేస్తాడు.
గులకరాళ్ల మీద ఆ తడి పట్టీల్ని
ఒకదాని మీద ఒకటి పడకుండా పరుస్తాడు.
వణికే చేతుల్తోనే. తిన్నగా.

ఇప్పుడు వాదించను. అడుగుతాను,
"ఇవాళ ఏమంటున్నారు?"
కొన్నిరోజులు చెప్పడు. బూట్లతోనే పక్కెక్కుతాడు.
తలుపు దగ్గర అన్నం పెట్టి వచ్చేస్తాను.
ఒకరోజు మాత్రం,
"అక్క పరిచినవి వంకరగా ఉన్నాయంటున్నారు."
వంగి చూశాను.
వంకరగానే ఉన్నాయి.
పక్క పడవలోంచి ఒసనాయ్ ముసలాయన
తల తిప్పి చూసేంతగా నవ్వాం.

నిన్న మైకు ఆగాక అడిగాడు,
"నీకు నిజంగా ఏమీ వినపడదా?"
చెవి ఒగ్గి విన్నాను.
అలలు గులకరాళ్లని వెనక్కి ఈడుస్తున్నాయి.
"లేదు" అన్నాను.
"ఎంత ఖాళీగా ఉంటుందో" అన్నాడు,
నాకోసం దిగులుపడుతూ,
ఆరిన నాచు కట్టకి ముడి బిగించాడు.