తరుగు

ఇరవై రెండేళ్ళుగా మిర్చి యార్డులో కాటా దగ్గరే నా నిలువు.
బస్తాను చూస్తే చాలు, తూకం నాలుక మీదికొస్తుంది.
తేమకింత, తాలుకింత, గోనెకింత
తరుగు తీసి రాయడం నా ఉద్యోగం.

నాలో తీసిన తరుగు మాత్రం నాకు తెలియలేదు.

ఫిబ్రవరిలో నిమ్ము చేసింది.
కొత్తపేట ఆసుపత్రిలో పద్నాలుగు రోజులు
సూదులు, ఆపైన ఇటుకరంగు మాత్రలు.
దగ్గు పోయింది.
దగ్గుతోపాటు ఇంకేదో కూడా పోయింది.
ముద్ద దిగితే చాలు
కడుపులో ముసురునాటి మురుగుకాల్వ.
రోజుకు పదకొండుసార్లు.
లెక్క రాసుకున్నాను,
లెక్క రాయకుండా ఉండలేనివాణ్ణి.

డాక్టరు సుభానీ గారు నవ్వలేదు.
"మందు మంచిదే గురవయ్యా,
కలుపు తీయమంటే పైరు కూడా పీకేసింది.
నీ పేగుల్లో ఓ ఊరుండేది. ఖాళీ అయింది.
ఖాళీ ఊళ్ళో ఎవరు దిగుతారో తెలుసుగా?"

"ఎంత తూగుతారండీ ఆ జనం?"
నోరు జారింది. అలవాటు.
"అంతా కలిపి పావుకిలో ఉంటారేమో."

పావుకిలో!
మా కాటా మీద అంకె కూడా మారదు.
దాని కోసం మనిషి
గోడ పట్టుకుని నడవాలా?

మందుల షాపు కుర్రాడు పొట్లాలిస్తూ
"వేన్నీళ్ళలో కలపకు బాబాయ్, ఇవి బతికున్నాయి" అన్నాడు.
ఇన్నాళ్ళూ చచ్చిన మందులే మింగాను.
బతికున్నదాన్ని జేబులో పెట్టుకుని
ఎండన పోవడానికి భయమేసి
బ్రాడీపేట నాలుగో లైను పొడుగూతా
నీడ పక్కనే నడిచాను,
చంటిదాన్ని ఎత్తుకున్నట్టు.

మళ్ళీ చూపించుకోడానికి వెళ్ళినరోజు
బెంచీ మీద నా పక్కన ఏసుపాదం.
పందొమ్మిదేళ్ళు. రక్తం క్యాన్సరు.
వాడికీ కడుపు నిలవడం లేదట.
ఓ పొట్లం తీసి వాడి చేతిలో పెట్టబోతే
నర్సు రాజకుమారి నా మణికట్టు పట్టుకుంది.
"వద్దు. వీడి ఒంట్లో ఇప్పుడు కాపలా లేదు.
కాపలా లేని ఇంట్లో చుట్టం కూడా దొంగే."
పొట్లం జేబులోకి వెనక్కి వెళ్ళింది.
వాడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

పొట్లాలు అయిపోయాయి.
యార్డులో తొడాలు తీసే సాంబ్రాజ్యం
సాయంత్రం స్టీలు గిన్నెతో గుమ్మంలోకొచ్చింది,
మిరపఘాటుకి ఇంకా తుమ్ముతూనే.
అడుగున అరచెంచా.
"తోడు" అంది.

నాకు తోడు అడగడం ఎప్పుడూ రాలేదు.
ఒంటిగాడికి పాల ప్యాకెట్టు, పెరుగు ప్యాకెట్టు,
అంతా కత్తెరతో అయ్యే పనే.

"పాలు కాగాక చిటికెనవేలు పెట్టి చూడు.
వేలు ఓర్చుకున్నంత వెచ్చనే ఉండాలి.
కదపకు. మాటిమాటికీ మూత తీసి చూడకు."
"పాడైతే?"
"మళ్ళీ ఇస్తా. నాది పాడైతే హుసేన్‌బీ ఇస్తుంది.
దాని దగ్గరున్నది నేనిచ్చిందే.
ఎవరిది ఎవరిదో ఎప్పుడో మర్చిపోయాం."

డాక్టరుగారికి చెప్పాను.
ఈ పెరుగులోవాళ్ళు నీలో కాపురముంటారో,
బాటసారుల్లా ఓ పూట ఉండి పోతారో
మాకే ఇంకా పూర్తిగా తేలలేదన్నారు.
తెలియదని చెప్పిన డాక్టరు మీద
నాకు నమ్మకం పెరిగింది.

పదకొండు ఆరయింది, ఆరు మూడయింది.
దేనివల్లో రాయడానికి నా పుస్తకంలో గడి లేదు.

పనిలోకి దిగినరోజు, ఎవరూ చూడకుండా,
కాటా మీద నేనే ఎక్కాను.
యాభై ఎనిమిది కిలోల నాలుగొందలు.
ఇందులో నేనెంత, వాళ్ళెంత?
తరుగు దగ్గర కలం ఆగింది.

సాంబ్రాజ్యం గిన్నె మా వంటింట్లోనే ఉంది.
ఖాళీగా ఇవ్వకూడదంటారు.
రాత్రి పాలు తోడేశాను.
మూత తీసి చూడాలని చేయి లాగుతోంది.