పొర చూసి

ఖైరున్నీసా టీచర్ గడ్డం కింద చెయ్యి పెట్టుకోమంది.
గడ్డం ఎన్నిసార్లు కిందికి దిగితే
మాటలో అన్ని ముక్కలంట.
అన్. కం. ఫర్. ట. బుల్.
బేతంచెర్ల హైస్కూల్లో తొమ్మిదో తరగతి బీ సెక్షన్,
నలభై ఒక్క గడ్డాలు ఐదుసార్లు దిగినాయి.
సంజమ్మ నాలిక కరుచుకునింది.

"ఇది నోటి లెక్క. అర్థం లెక్క వేరే" అని
బోర్డు మీద రెండు గీతలు గీసింది.
అన్ ముందర తగిలితే లేదని,
ఏబుల్ ఎనక తగిలితే వీలని,
నడిమధ్యన కంఫర్ట్, కుర్చీలో కూర్చున్నట్టు.
"సంధి విడదీసినట్టే మే.
కాకపోతే వీళ్ళు ఏ సంధో చెప్పరు."

ఈ పాఠం మా ఇంట్లో పాతదే.
నాయన గనిలో బండ కొట్టేది చూసినదాన్ని.
ముందు అరచేత్తో తడుముతాడు,
ఉలితో టంగుమనిపించి చెవి ఒగ్గుతాడు.
"యాడబడితే ఆడ కొడితే చెక్కలయితాది.
పొర చూసి కొడితే
అదే ఇడిపోతాది, మనం కొట్టినట్టే ఉండదు."

గని మూతపడినాక పాలిష్ ఫ్యాక్టరీలో, కోత మిషన్ కాడ.
ఇంటికొచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లగా.
రాత్రి దగ్గితే
పక్కింటి గిడ్డమ్మవ్వ కుక్క మొరుగుతాది.

బుధవారం కర్నూలు పెద్దాసుపత్రి నుంచి చీటీ తెచ్చినాడు.
ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒకటే మాట.
"డాక్టరమ్మ చదివింది గానీ నా చెవికి నిలబళ్ళా.
నువ్వు చదువు."

ముందర ఒక పీ ఉండాది, పలకదు,
నాయన మాదిరి.
గడ్డం కింద చెయ్యి పెట్టుకున్యా.
న్యూ. మో. కో. ని. యో. సిస్.
ఆరు.
నోటి లెక్క కుదిరింది,
పొర దొరకలా.

పొద్దున ప్రేయర్ కంటే ముందే
చీటీ టీచర్ చేతిలో పెట్టినా.
చానాసేపు చూసింది. ఎవరిదని అడగలా.
డిక్షనరీ తిరగేసి, పెన్సిల్ తీసుకొని
కాగితానికి నొప్పి తగలకుండా
రెండు గీతలు గీసింది.
న్యూమో అంటే ఊపిరితిత్తులు.
కోని, దుమ్ము.
ఓసిస్ అంటే జబ్బు.
గ్రీకోళ్ళ మాటలంట.

సాయంత్రం నాయన
ఆ గీతల ఎంబడి గోరు పోనిచ్చినాడు,
బండలో చార ఎతికినట్టు.
"బాగా ఇడగొట్టింది మీ టీచరు. యాడా చెదరలా.
దుమ్మనేదానికి అంత దూరం పోవల్నా?"

ఆనక
మూడో ముక్క మీద బొటనవేలు అడ్డం పెట్టి
"ఇప్పుడు చదువు" అన్నాడు.