ఒకటో తారీఖు లోపల

ఆల్ఫోన్సీన్ అత్త పోతూ పోతూ
మా తమ్ముడు రొజేర్ పేర
నాలుగువేల మూడొందల డాలర్లు రాసింది.
ప్రేమతోనే రాసింది.
ఎవరినీ అడక్కుండా రాసింది.

వాడి ఖాతాలో రెండువేలు దాటకూడదు.
ఒకటో తారీఖు తెల్లారేసరికి
ఒక్క డాలరు పైన కనబడినా
భత్యం ఆగుతుంది,
దాన్ని పట్టుకు వేలాడే మందుల కార్డూ ఆగుతుంది.
బీదగా ఉండటం కూడా ఒక ఉద్యోగమే.
వాడి బదులు ఆ ఉద్యోగం చేసేది నేను.

కోర్టు కాగితంలో నేను సంరక్షకురాలిని,
ఏటేటా వచ్చే ఫారంలో ప్రతినిధిని.
వాడికి ఓడీని.
యాభై నాలుగేళ్ళ మనిషి
బూట్లు కుడిఎడమలు చేసుకుంటే
ఏమీ అనకుండా తలుపు దగ్గర నిలబడేదాన్ని.

ఫారం అడుగుతుంది:
తిండికెంత, ఇంటికెంత, బట్టలకెంత,
సరదాలకెంత?
సరదా గడి నిరుడు ఖాళీగా పంపాను.
"మనిషికి ఏ ముచ్చటా లేదా?" అని ఫోన్ చేశారు.
ఉందమ్మా. మార్చి నెలలో
వంతెన మీద నిలబడి
ఆండ్రోస్కోగిన్‌లో మంచుపలకలు విరగడం చూస్తాడు,
ఒక్కో పలక విరిగినప్పుడల్లా నా మోచెయ్యి గిల్లుతాడు.
దానికి రసీదు ఎవరిస్తారు?

ఇప్పుడు ఫిబ్రవరి.
అసలే కురచ నెల.
పరుపు కొన్నాను. కోటు కొన్నాను.
రెండు పళ్ళు కట్టించాను. వాడు ఒప్పుకోడానికి మూడు పూటలు పట్టింది.
ఇంకా పదహారు వందల ముప్పై ఏడు ఎక్కువ.

ఆఫీసులో కూర్చునే మారియెట్ గొంతు తగ్గించి చెప్పింది,
"సమాధి స్థలం కొనొచ్చు.
అది మేం లెక్కలోకి తీసుకోం."

బతికినన్నాళ్ళూ దాచుకోవద్దన్నవాళ్ళు
పడుకునే చోటు దాచుకోమన్నారు.
నవ్వొచ్చింది. ఆ నవ్వు
ఇంటికొచ్చి సూపు వేడి పెట్టేదాకా తగ్గలేదు,
తర్వాత అది నవ్వు కాకుండా పోయింది.

శ్మశానం ఆఫీసులో పటం పరిచారు.
గళ్ళు, గళ్ళు.
ఫారాలంటే వాడికి తెలుసు కదా,
చూపుడువేలు ఒక గడి మీద పెట్టి
"ఇది నాదేనా?" అన్నాడు.
నీదే.
"ఓడీ సంతకం పెట్టాలా?"
పెట్టాలి. కానీ నీదే.

చూసి తీరాలన్నాడు.
మోకాలి లోతు మంచు.
అడుగులతో కొలిచాడు, నాలుగు మూలలూ తొక్కాడు,
మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు.
"వంతెన కనబడదు" అన్నాడు, కాస్త నిరాశగా.
కాసేపాగి,
"పక్కది ఎవరిది?"
ఎవరిదీ కాదు.
"నువ్వు కొనుక్కో. మంచు నేను తీస్తాను."

నా దగ్గర డబ్బుల్లేవు అని చెప్పలేదు.
పక్కగడిలో నిలబడ్డాను, ఊరికే,
కాళ్ళు తిమ్మిరెక్కేదాకా.

ఇరవై ఎనిమిదో తారీఖు, రాత్రి ఎనిమిదిన్నర.
స్థలానికి పదహారు వందలు పోగా
ముప్పై ఏడు డాలర్లు ఇంకా ఎక్కువ.
దుకాణం తొమ్మిదికి మూసేస్తారు.
వాడు సోకు వస్తువుల వైపు చూడనైనా చూడలేదు,
నేరుగా వెళ్ళి మంచుపార తీశాడు. ఎర్ర పిడి.
భుజాన వేసుకుని
బస్సులో కూడా దించలేదు.

రసీదు వాడే మడిచి
నా కోటు జేబులో పెట్టాడు.
ఇల్లా, బట్టలా, సరదాలా?
ఫారం బల్లమీదే ఉంది.
ఆ ముప్పై తొమ్మిది డాలర్లు
ఏ గడిలో రాయాలో
ఇంకా తేల్చుకోలేదు.