నడిమి ఊరు

గడియారం సెంటర్ల నాది జిరాక్సు దుకాణం.
విమానం టిక్కెట్లు గూడ కొడ్త.
బొజ్జ సైదులు వచ్చిండు, మర్రిగూడ దిక్కు మనిషి,
బోరు బండి మీద పదహారేండ్ల పని.
చెవులల్ల ఇంకా కంప్రెషర్ మోతనే,
ఏదైనా రెండుసార్లు చెప్పాలె.

దొడోమాల బోర్లు ఏసే పని దొరికిందంట.
ఒక్కటే టిక్కెట్టయితే యాభై రెండు వేలు,
రెండు ముక్కలు జేస్తె నలభై ఒక్కటి.
ముక్కలు జేసింది నేనే.
పదకొండు వేలు మిగిల్చిన్నని
ఆ పూట చాయ్ గూడ నేనే తాపిన.

రాత్రి పండుకున్నంక యాదికొచ్చింది
సంచి.

పొద్దుగాల్నే పిలిపిచ్చిన.
"సైదులూ, నడిమి ఊర్ల విమానం మారాలె గదా..."
"కొండమల్లేపల్లిల బస్సు మారినట్టు" అన్నడు.
"కాదు. మల్లేపల్లిల దిగుతం, చాయ్ తాగుతం,
సంచి భుజానేసుకొని దేవరకొండ బస్సెక్కుతం.
ఎవడడుగుతడు?
ఆడ అద్దం అవుతల ఇంకో దేశముంటది.
అద్దానికి ఇవుతల ఉన్నంతసేపు
నువ్వు ఎక్కడా లేనట్టె లెక్క.
ఎక్కడా లేనోనికి వీసా అక్కర్లేదు."

"మంచిదే గదా."

"టిక్కెట్టు ఒక్కటయితే మంచిదే.
హైదరాబాదుల సంచి మెడకు చీటి కడ్తరు,
చిట్యాల సంతల అమ్ముడువోయిన మేకకు తాడు కట్టినట్టు.
సక్కగ దొడోమాలనే దిగుతది.
నీయి రెండు టిక్కెట్లాయె.
మొదటి విమానమోడు సంచిని నడిమి ఊర్లనే దించి
నా పని అయిపాయె అంటడు.
అది పోయి అద్దం అవుతల పట్టా మీద
గుండ్రంగ తిరుగుతుంటది.
తెచ్చుకోవాలంటె నువ్వు అవుతలికి పోవాలె.
అవుతలికి పోవాలంటె వీసా."

రెండోసారి చెప్పిన.
కండ్లు మూసుకొని ఇన్నడు,
రాయి ఎంత లోతుల తగుల్తదో
చప్పుడుబట్టి చెప్పేటోడు.
"అంటె నా సంచి దేశంలకు పోతది,
నేను పోను."
"అంతే."
"దానికి వీసా ఎవడిచ్చిండు?"

నా దగ్గర జవాబు లేదు.
టిక్కెట్టు వాపసు రాదు, దినాలు లేవు.
చేతిసంచొక్కటే తొవ్వ. ఏడు కిలోలు.
రెండో బోర్డింగు కాయితం ఈడనే తీసి చేతుల పెట్టిన.

పక్క దుకాణంల ఉల్లిగడ్డల కాంటా తెచ్చి
జిరాక్సు మిషను పక్కన సంచి విప్పినం.
రెండు ప్యాంట్లు, దుప్పటి.
చింతకాయ తొక్కు, నూనె తేల్తున్నది,
నూనెను గూడ నీళ్ల లెక్కనే జూస్తరు, వద్దు.
ఎండిన జొన్నరొట్టెలు ఉండనీ.
జాన్‌పహాడ్ తాయెత్తు చేతికే ఉన్నది, బరువుకు రాదు.
అడుగున, గోనెపట్టల సుట్టి,
గొట్టాలిప్పే పానా.

"అంజిలయ్య మేస్త్రిది" అన్నడు.
పట్టుకునే కాడ అరిగి
ఎవలిదో అరచెయ్యి అచ్చువడ్డట్టున్నది.
"ఇనుమును లోపటికి రానియ్యరు సైదులూ."
దొడోమాల పానాలు దొరకయా అని
నేననలే.
ఆయన దాన్ని నా బల్ల మీద పెట్టి
మల్ల ఒకసారి తీసి
మల్ల పెట్టిండు.

బుధవారం తెల్లారుజామున నడిమి ఊరికెల్లి ఫోను.
"అన్నా, నీళ్లు పారబొయ్యమంటుండ్రు."
హైదరాబాదుల లోపటికి పోయినంక నింపుకున్న సీసానంట.
ఆడ మల్ల సోదాలుంటయని నేను చెప్పలే,
అది గూడ మరిశిన.
వాళ్ల నాయిన మోకాళ్లు
ఊరి బోరునీళ్లకే వంకరపోయినయి.
మంచినీళ్ల సీసా లేంది పక్క గల్లీకి పోడు ఈయన.
"పారబొయ్యి, లోపట నల్లా ఉంటది" అన్న.
ఫోను పెట్టలే.
గుటకలు ఇనవడ్డయి,
ఒకటి, ఇంకోటి, లీటరు మొత్తం,
లైన్ల నిలవడే.
ఎనక ఎవలో తెల్వని బాసల కసురుతుండ్రు.

ఇప్పుడు ఎవలొచ్చినా
పైసల ముచ్చట తర్వాత,
ముందు సంచి సంగతి అడుగుత.

పానా బల్ల మీదనే ఉన్నది,
ఫ్యాను గాలికి కాయితాలు లేవకుండ.
నిన్న పాసుపోర్టు జిరాక్సుకొచ్చినామె
ఎత్తబోయి, బరువుకు ఇడిశిపెట్టి,
ఇదెవలిదని అడిగింది.
నడిమి ఊర్ల ఉన్నదమ్మా,
ఇంకో విమానం ఎక్కాలె అన్న.