దగా

కిగోమా ఒడ్డున ఈ చిట్టి వెండిచేపని
దగా అంటారు.
నా భాషలో దానర్థం చెబితే
న్యాబెండా పడీపడీ నవ్వింది:
"మోసం చేపలో లేదు, సేటు తూకంలో ఉంది."

ఇరవై ఏళ్లు ఇసుకలో ఆరబోసి
ఇసుకలోంచే ఏరుకుంది, వంగి వంగి.
ఇప్పుడు నడుమెత్తు పందిరి.
నాలుగు గుంజలు, పాత వల, పిడికెడు మేకులు,
అంతే.
పొరుగు రేవులో ఎవరో కట్టారట,
పేరు ఎవరికీ తెలీదు.
ఈమె చూసింది.
ఈమెను చూసి రేవంతా.

నా కాగితంలో ఒక గడి:
రోజుకు ఎన్ని గంటల పని?
"నిరుడు పద్నాలుగు."
ఈ ఏడు?
తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి
"తొమ్మిది" అంది.
డబ్బు మాత్రం రెట్టింపు,
తినేవాడి పంటికింద ఇసుక తగలదు మరి.

మిగిలిన గంటలు?
జవాబు కూతురిచ్చింది:
"అమ్మ అంకెలు నేర్చుకుంటోంది, నా దగ్గర.
త్రాసు ముల్లు చదవడానికి."

కొండ మలుపులో లారీ
మూడు రోజులుగా బురదలోనే.
డ్రైవరు టైరు నీడన నిద్రపోతున్నాడు.
బస్తాల్లో దగా మెత్తబడుతోంది.

పందిరి ఆమె కట్టుకోగలిగింది.
దారి?
దానికి నా కాగితంలో గడి లేదు.
అంచున పెన్సిలుతో రాశాను,
అచ్చులో పోతుందని తెలిసీ.